తలుపు వెనకనుంచి చెప్పిన అంతరిక్ష కథ

1986 జూలై ఆరో తేదీ, ఆదివారం, పొద్దున పది గంటలా నలభై నిమిషాలు. ఆత్మకూరులో మా అత్తగారింట్లో, హాలు నిండా మనుషులు కూర్చొని ఉండగా, నా గొంతు మొదటిసారి నలుగురికీ వినబడింది అప్పుడే. అప్పటికి నేను ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడేళ్లు దాటింది.

ఈ తేదీని నేను ఎన్నడూ మరిచిపోలేదు గాని, ఇప్పుడు పనిగట్టుకొని రాయాలనిపించడానికి కారణం మొన్న జరిగిన ఒక చిన్న సంగతి. నెల్లూరులో మా అమ్మాయి వాళ్లుండే అపార్ట్‌మెంటులో రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ లిఫ్టు ఆగిపోయింది. లోపల నేనొక్కదాన్నే. తలుపు బెత్తెడు మేర తెరుచుకొని అక్కడే బిగుసుకుపోయింది. ఆ సందులోంచి చూస్తే పైన వాచ్‌మన్ చెప్పులూ, ఎవరిదో చీర అంచూ తప్ప ఇంకేమీ కనబడలేదు. పక్కింటి అమ్మాయి కాబోలు, వంగి, అవ్వా భయపడొద్దు, ఏదో ఒకటి మాట్లాడతా ఉండు అని పదేపదే చెప్పింది. నాకు భయం వేయలేదు. మాట్లాడమన్నారు గనక మెకానిక్కు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. బయటికి లాగిన తర్వాత అందరూ నా ధైర్యాన్ని మెచ్చుకొన్నారు. అది ధైర్యం కాదు, అలవాటు. తలుపు సందులోంచి అవతలివాళ్లకు మాటలు చెప్పడం ఒకప్పుడు నేను పదమూడు వారాలు చేసిన పని.

నేను పుట్టి పెరిగింది ఉదయగిరిలో. మా వాకిట్లో నిలబడితే దుర్గం కొండ సగం ఆకాశాన్ని కమ్ముకొని ఉండేది. మా నాయనకు అక్కడ చిన్న బట్టల అంగడి ఉండేది. పదో తరగతి తర్వాత నన్ను దూరం ఊళ్లో కాలేజీకి పంపే స్తోమతు లేక, అట్లాగని చదువు మాన్పించడానికి మనసొప్పక, హిందీ పరీక్షలకు కట్టించాడు. మా వీధిలోనే భర్త పోయిన ఒక పంతులమ్మ ఉండేది, సాయంత్రాలు వసారాలో చాప పరిచి పాఠం చెప్పేది. 1973లో ప్రాథమికతో మొదలుపెట్టి 1978లో ఆఖరి పరీక్ష ప్రవీణ దాకా ఒక్కటీ తప్పకుండా పాసయ్యాను. పరీక్ష రాయాలంటే నెల్లూరు పోవాలి. ఆ బస్సు ఆత్మకూరులో పది నిమిషాలు ఆగేది. మా నాయన దిగి సోడా తాగి వచ్చేవాడు, నేను కిటికీలోంచి బజారు చూస్తూ కూర్చొనేదాన్ని, ఏ అంగడి ముందు ఎన్ని బస్తాలున్నాయో లెక్కబెట్టుకొంటూ. హిందీ పండితురాలినై ఏదో ఒక బడిలో సుద్దముక్క పట్టుకొంటానని ఆయన అనుకొన్నాడు, నేనూ అనుకొన్నాను. 1979 మే నెలలో ఆ బజారులోనే ఒక అంగడివాళ్లింటికి నన్నిచ్చారు.

మా వాళ్ల ఇళ్లు ఆ బజారు వీధిలో అన్నీ ఒకే తీరు. ముందర అంగడి, దాని వెనక బస్తాల గది, ఆ వెనక హాలు, హాలు దాటితే వంటిల్లూ మా గదులూ పెరడూ. పెరటికి గోడే గాని వాకిలి లేదు. అంటే ఇంట్లోంచి వీధిలో పడాలంటే అంగడి గుండానే పోవాలి, గల్లాపెట్టె ముందు కూర్చొన్న మామగారి ఎదుటగా, బేరానికి వచ్చిన మగవాళ్ల నడుమగా. అంగడి తెరిచి ఉన్నంతసేపు ఆడవాళ్లు ఆ దారిన పోకూడదు. అంగడి పొద్దున ఏడింటికి తెరిస్తే రాత్రి తొమ్మిదిదాకా మూసేది లేదు, ఆదివారం కూడా. నన్నెవరూ కట్టేయలేదు, ఒక మాట అనలేదు, తిండికీ గుడ్డకూ తక్కువ చేయలేదు. మా అత్త తన కూతురికి పెట్టినట్టే నాకూ పెట్టింది. దారి లేదు, అంతే.

ఇంకొక కట్టుబాటు చెప్పాలి, నా వయసువాళ్లకు అది కొత్త కాదు. కోడలు మామగారి ఎదుట పడకూడదు, ఆయన ఉన్నచోట నోరు తెరవకూడదు. ఆయనా కోడలితో నేరుగా మాట్లాడడు. మంచినీళ్లు తెమ్మను అని మా అత్తతో అనేవారు. నేను రెండడుగుల దూరంలో తలుపు వెనకనే ఉన్నా, ఆయన మాట చక్కగా వినబడినా, మా అత్త తల తిప్పి, ఏమే, మంచినీళ్లంట అనేదాకా కదిలేదాన్ని కాదు.

1986 ఎండాకాలంలో మా ఆయన మద్రాసు నుంచి టీవీ తెచ్చారు. నలుపూ తెలుపూ. నెల్లూరు నుంచి మా ఊరికి బొమ్మ సరిగ్గా అందేది కాదు, అందుకని మిద్దె మీద రెండు ఇనప గొట్టాలు ఒకదానికొకటి బిగించి ఆంటెన్నా నిలబెట్టి, బూస్టరు పెట్టించారు. అయినా గాలి తోలిందంటే తెర నిండా చీమలు. సీరియలు జరిగినంతసేపూ ఎవరో ఒకరు పైన ఆ గొట్టం పట్టుకొని నిలబడాలి. ఆ పని వేరేవాళ్లకు ఇస్తే ఎక్కడ వంచేస్తారోనని మా ఆయనే చేసేవారు. కింద నుంచి వచ్చింది, వచ్చింది, ఆఁ పోయింది, ఎడంపక్కకు అని అరుపులు. టీవీ కొన్న మనిషి టీవీ చూసిన పాపాన పోలేదు.

జూలైలో ఆదివారం పొద్దున హిందీలో ఒక అంతరిక్ష సీరియలు మొదలైంది. దాని పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు. భూమి పాడైపోతోందని ఏడుగురు మనుషులు ఒక నౌకలో కూర్చొని వేరే నక్షత్రానికి బయలుదేరతారు. అలాంటి కథ మా వీధిలో ఎవరూ వినలేదు. మొదటి వారానికే వీధి వీధంతా మా హాల్లో ఉంది. ఆ గంటసేపు మామగారు కూడా గల్లాపెట్టెకు తాళం వేసి, అంగడి తలుపులు ఓరగా మూయించి, హాల్లో పడక కుర్చీలో కూర్చొనేవారు. అందుకే ఆడవాళ్లకు కూడా అటుగా రావడానికి వీలయింది.

చిక్కల్లా భాషతోనే. మాకు సరుకు తోలే లారీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు, అనుమసముద్రంపేట మనిషి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు గదా అని మామగారు ఆయన్ను పిలిపించి, ముందు వరసలో కుర్చీ వేయించి, ఏం చెబుతున్నారో చెప్పమన్నారు. ఆయన పావుగంట చెవులు రిక్కించి విని తల గోక్కొన్నాడు.

"శెట్టిగారా, ఇది మా మాట గాదు. పుస్తకాల మాట. అంతరిక్ష్ అంటా ఉండారు, గురుత్వ్ అంటా ఉండారు, నాకేం తెల్దు. వాళ్లు యాడికో పోతా ఉండారు, అది మాత్రం కరెక్టు."

"అది మాకూ కనపడతా ఉండాది లేవయ్యా. దానికి నీకు కుర్చీ ఎందుకు?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది.

తెర మీద ఎవరో పెద్ద గొంతుతో వీడ్కోలు చెబుతున్నారు. నేను వంటింటి వైపు తలుపు వెనక నిలబడి ఉన్నాను. ప్రతి మాటా నాకు అర్థమవుతోంది. ఏడేళ్లుగా మడిచిపెట్టిన చదువు ఒక్కసారిగా విప్పుకొన్నట్టయింది. వాళ్లు ఇంక తిరిగి రారంట, నలభై ఏళ్ల ప్రయాణమంట, అని నా నోటినుంచి వచ్చేసింది. అదీ ఆ పది గంటలా నలభై నిమిషాలప్పుడు.

మామగారు తల తిప్పకుండానే ఎవరది అని అడిగారు. మా అత్త గొంతు తగ్గించి, చిన్నకోడలండీ, హిందీ చదివిందంట గదా అంది. ఆయన సరే, చెప్పమను అన్నారు.

అట్లా మొదలైంది. ప్రతి ఆదివారం తలుపు బెత్తెడు తెరిచి, దాని వెనక నేను నిలబడేదాన్ని. టీవీ హాలుకు ఆ మూల ఉండేది గనక ఆ సందులోంచి నాకు తెరలో కుడిపక్క ఒక ముక్క మాత్రమే కనబడేది. ఎడమపక్క ఏం జరిగినా నాకు చెవులే దిక్కు. వాళ్ల అడుగుల చప్పుడును బట్టి ఎవరు వస్తున్నారో పోల్చుకొనేదాన్ని. లావుపాటి కెప్టెను కాలు ఈడ్చి నడిచేవాడు, కుర్ర ఇంజనీరు ఎప్పుడూ పరుగే. నేను ఒక్కో మాటా విని, వెంటనే తెలుగులో అప్పజెప్పేదాన్ని, నేను అని వాళ్లంటే నేను అనే అనేదాన్ని. కొన్ని వారాలకు హాల్లో పిల్లలు కూడా అల్లరి మానేసి, తలుపు వైపు ఒక చెవి పారేసి వినేవాళ్లు. బుధ గురువారాలకంతా గోడ అవతల నుంచి పక్కింటివాళ్లు, ఏమే, వచ్చే వారం ఏమయ్యేటట్టుంది అని నన్నడిగేవాళ్లు, ఆ కథ నేనే రాస్తున్నట్టు.

నాకు ఆ కథలో డాక్టరమ్మ ప్రాణం. ఏడుగురిలోనూ ఆమె ఒక్కతే ఆడమనిషి. అందరికీ మందులిచ్చి, అందరి దిగుళ్లూ విని, తనకు దిగులు పుట్టినప్పుడు మాత్రం గుండ్రటి గాజు కిటికీ దగ్గర నిలబడి చుక్కలు చూసేది. ఆ కిటికీ నా అదృష్టం కొద్దీ కుడిపక్క ఉండేది. ఆమె అక్కడికి వస్తే వీపూ జడా కనబడేవి, ముఖం కనబడేది కాదు. ఆమె గొంతును మాత్రం నేను ఇప్పటికీ గుర్తుపడతాను. ఎన్నడో ఒకనాడు ఈమె ఆ తలుపు తీసుకొని బయటికి వస్తుంది, అది చూసి చావాలి అనుకొనేదాన్ని.

అభిమానం ఉందని కళ్లు మూసుకోలేదు. లోపాలన్నీ నాకు తెలుసు. ఆ నౌక గోడలు థర్మోకోలు మీద వెండి కాగితం అతికించినవి, ఒక మూల ఊడి గాలికి ఆడుతుండడం మూడో వారం నేను చూశాను. చుక్కలు నల్లగుడ్డకు చిల్లులు పొడిచి వెనక దీపం పెట్టినవే. మనుషులు ఏడుగురైతే భోజనాల బల్ల మీద ఎనిమిది కంచాలు పెట్టారు. మొదటి వారం నలభై ఏళ్ల ప్రయాణమన్నవాళ్లు ఎనిమిదో వారానికి యాభై అన్నారు. ఇవన్నీ నేను హాల్లో చెప్పలేదు. మధ్యాహ్నం రెండింటికి మా ఆయన అన్నానికి కూర్చొన్నప్పుడు చెప్పేదాన్ని. ఆయన పైన గొట్టం పట్టుకొని ఉంటారు గనక కథ మొత్తం మళ్లీ ఆయనకు చెప్పాలి. ఏడేళ్ల కాపురంలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకొన్నది ఆ ఆదివారాల్లోనే.

ఆగస్టు పదో తేదీ, ఆరో వారం. సీరియలు అయిపోయి అందరూ లేస్తున్నారు. మా వీధి చివర అద్దె ఇంట్లో అంతకు ముందు సంవత్సరమే చిన్న బడి పెట్టిన టీచరమ్మ ఒకావిడ ఉండేది, గట్టి మనిషి, మగవాళ్లతో ఎదురుగా నిలబడి మాట్లాడేది. ఆవిడ లేవకుండా మామగారి వైపు తిరిగింది.

"శెట్టిగారూ, మీ చిన్నకోడల్ని రోజూ రెండు గంటలు మా బడికి పంపించండి. హిందీ చెప్పే మనిషి లేక పిల్లకాయలు గోడలు చూస్తా కూర్చొని ఉండారు. ప్రవీణ పాసైన మనిషిని తలుపు వెనక పెట్టుకొని ఉండారు మీరు."

మామగారికి కోపం రాలేదు. నవ్వి, కథ నడస్తా ఉండాది గదమ్మా, ఇది అయిపోనీ, చూద్దాం అన్నారు. ఆవిడ అయితే దసరా సెలవుల తర్వాత చేరొచ్చులే అని లేచిపోయింది. వద్దనలేదు. ఆ ఇంట్లో ఏడేళ్లలో వద్దనని మాట నేను విన్నది అదొక్కటే.

అప్పటినుంచి నాకు రెండు కథలు కలిసిపోయాయి. సీరియలు పదమూడు వారాలని ముందే చెప్పారు గనక ఎప్పుడు ముగిసేదీ నాకు తెలుసు, సెప్టెంబరు ఇరవై ఎనిమిది. పుట్టింటినుంచి తెచ్చుకొన్న నూలు చీరలు రెండు ఉతికి, గంజి పెట్టి, పెట్టెలో పైనే ఉంచుకొన్నాను. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. దానికి హిందీ అక్షరాలు దిద్దిస్తూ, నిజానికి నేను పాఠం చెప్పడం మళ్లీ నేర్చుకొన్నాను. మా ఆయన్ను అడిగితే నాయన సరేనంటే నాకేం అభ్యంతరం అన్నారు. ఆయన అంతకంటే గట్టిగా ఏదీ అనే మనిషి కాదు. ఉదయగిరికి ఉత్తరం మాత్రం రాయలేదు. ఖాయమైన తర్వాత రాద్దామని ఆగాను.

తొమ్మిదో వారం ఒక వింత జరిగింది. నౌకలోనుంచి భూమికి కబురు పంపితే ఆ సాయంత్రానికే జవాబు వచ్చింది. నాకు అది గొంతులో ముల్లులా పడింది. మధ్యాహ్నం వడ్డిస్తూ మా ఆయనతో అన్నాను, వాళ్లు చెప్పిన దూరం నిజమైతే ఆ జవాబు రావడానికి ఏళ్లు పట్టాలి అని.

"అయితే తీసినోళ్లు తప్పు చేసినారు" అన్నారు ఆయన.

"తప్పన్నా అయి ఉండాల, లేదా ఆ నౌక కదలకన్నా ఉండాల."

ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపి నా వైపు చూశారు. "నిన్ను బడికి గాదు, అంగడిలో కూర్చోబెట్టాల" అని నవ్వారు. ఆయన నవ్వితే నాకు చాలా ధైర్యం వచ్చేది.

సెప్టెంబరు ఇరవై ఎనిమిది రానే వచ్చింది. ఆ రోజు సంగం నుంచి కూడా చుట్టాలొచ్చారు, హాలు పట్టక బస్తాల గదిలో కూర్చొన్నారు. టీచరమ్మ ముందుగా వచ్చి మామగారి కుర్చీకి దగ్గరగా కూర్చొంది. గాలి విసురుగా ఉంది, మా ఆయన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకొన్నట్టున్నారు, పైనుంచి ఇనుము కిర్రుమంటూనే ఉంది.

కథ ఇట్లా జరిగింది. నౌకలో దీపాలు ఆరిపోతాయి. అందరూ చావుకు సిద్ధపడి దేవుణ్ణి తలుచుకొంటారు. అప్పుడు ఎవరూ ఊహించనట్టు బయటినుంచి తలుపు తెరుచుకొంటుంది. తెర అంతా తెల్లటి వెలుగు. కళ్లు తేరుకొనేసరికి బయట ఇసుక, ఎండ, చప్పట్లు కొడుతున్న మనుషులు. ఒక అధికారి చెబుతాడు, మీరు ఎక్కడికీ పోలేదు, ఈ నౌక ఎడారిలోనే ఉంది, మనుషులు అన్నేళ్లు మూసిన చోట బతకగలరా లేదా అని మేం చేసిన పరీక్ష ఇది, మూడేళ్లు గడిచాయి, మీ ఇళ్లకు వెళ్లండి అని. నేను ఆ మాటలు తెలుగులో చెబుతుంటే హాల్లో అయ్యయ్యో అని మూలుగు లేచింది. నాకు మాత్రం ఒళ్లు పొంగింది. నా లెక్క సరిపోయింది. తలుపు వెనక ఒక్కదాన్నే నిలబడి గెలిచాను.

మిగిలిన ఆరుగురూ ఏడుస్తూ, నవ్వుతూ బయటికి పరుగెత్తారు. కాలు ఈడ్చే కెప్టెను కూడా. అధికారి డాక్టరమ్మను రమ్మని పిలిచాడు. ఆ తర్వాత ఇంక మాటల్లేవు. నాకు కనబడే ముక్కలో ఇసుకా ఎండా తప్ప మరేమీ లేవు. ఆమె అడుగులు వినబడ్డాయి, మెల్లగా, ఆగి ఆగి. తర్వాత ఆ ఇనప తలుపు దడాలున మూసుకొన్న చప్పుడు, సంగీతం.

ఏమైందే, చెప్పవే, అంది మా అత్త అలవాటు కొద్దీ.

నేను గొంతు అదుపు చేసుకోలేకపోయాను. "వచ్చేసింది! బయటికి వచ్చేసింది. తలుపు మూసేసినారు, ఇంక ఆ నౌకతో పని లేదు, ఆమె ఇంటికి పోతా ఉండాది!" అని అరిచినంత పని చేశాను.

హాలంతా ఒక్కసారి పగలబడి నవ్వింది.

"యాడ వచ్చిందే? లోపలే ఉండాది గదే! తలుపు తనే లోపలినుంచి ఏసుకొనింది. నువ్వేం జెప్తా ఉండావు?" అంది మా అత్త, కళ్లు తుడుచుకొంటూ.

"అమ్మే, ఆ తలుపు తీసి ఇట్టా వచ్చి చూడు" అన్నాడు డ్రైవరు.

నేను చూశాను. తల మీద కొంగు ఉందో లేదో కూడా గుర్తు లేదు, తలుపు తోసుకొని హాలు నడుమకు వచ్చి నిలబడ్డాను. పదమూడు వారాల్లో తెర మొత్తంగా చూసింది అప్పుడే. ఆమె నౌకలో ఒంటరిగా తిరుగుతూ ఒక్కో దీపమే వెలిగిస్తోంది. తన బల్ల దగ్గర కూర్చొంది. గుండ్రటి కిటికీలోంచి ఆ చిల్లుల గుడ్డనే చూస్తోంది. నేను అనుకొన్నట్టు చిన్నది కాదు ఆమె, చెంపల దగ్గర జుట్టు నెరిసి ఉంది, ముఖం ప్రశాంతంగా ఉంది. తర్వాత పేర్లు పడ్డాయి.

మామగారు పడక కుర్చీలోంచి ముందుకు వంగారు. మా అత్త వైపు చూడలేదు. నా వైపే చూసి, నాతోనే, మొట్టమొదటిసారిగా మాట్లాడారు.

"చూసినావా అమ్మాయ్. చదువుకొన్న మనిషే గదా ఆమె. తలుపు తీసి రమ్మన్నా పోలా. ఎందుకు పోలా? లోపల ఆమెకు తక్కువేం లేదు." తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, "మా పిల్లకూ ఏం తక్కువ లేదమ్మా. ఇంకెవరినన్నా చూసుకోండి" అన్నారు. కటువుగా అనలేదు. నన్ను సముదాయిస్తున్నట్టు, చాలా మెత్తగా అన్నారు. నేను అంత ఆత్రంగా బయటికి వచ్చేసింది అని అరవకుండా ఉంటే ఆయనకు ఆ మాట తట్టేదే కాదేమో, నాకు తెలియదు. నా మనసులో ఏముందో ఆ అరుపులో హాలందరికీ తెలిసిపోయింది.

"అది కథ గదండీ" అంది టీచరమ్మ.

"కథే. పదమూడు వారాలు అందరం నమ్మలా?" అన్నారు ఆయన, అందరూ మళ్లీ నవ్వారు.

నేను హాలు నడుమనే ఉన్నాను. ఆయన నాతో నేరుగా మాట్లాడారు గనక నేనూ ఒక్క మాట అనవచ్చు. ఎవరూ నన్ను లోపలికి పొమ్మనలేదు. టీచరమ్మ నా ముఖం వైపే చూస్తోంది, ఏదో ఒకటి అంటే అందుకొనేటట్టు. నేను కొంగు సర్దుకొని, వెనక్కి తిరిగి, నా కాళ్లతో నేనే నడిచి వంటింట్లోకి పోయాను.

మా ఆయన చేతులకు తుప్పు అంటుకొని ఉండగా మిద్దె దిగి వచ్చి, అన్నానికి కూర్చొని, ఎప్పటిలాగే అడిగారు, ఆమె బయటికి వచ్చిందా అని. రాలేదన్నాను. నీ లెక్క ఏమైంది అన్నారు. అది సరిపోయింది అన్నాను. ఆ వారం అంతకంటే మాటలు జరగలేదు. తర్వాత ఆయన వాళ్ల నాయన్ను ఒకసారి అడిగారు, పాప పెద్దదయ్యాక చూద్దాం అని జవాబు వచ్చింది. దసరా సెలవులు అయిపోయే లోపలే టీచరమ్మ కలువాయి నుంచి ఒకమ్మాయిని పిలిపించుకొంది. పాప పెద్దదయ్యేనాటికి ఆ బడి లేదు. ఆదివారాలు హిందీ సీరియలు స్థానంలో ఏదో కామెడీ వేశారు, దానికి తెలుగు చెప్పే పని పడలేదు, చూస్తేనే నవ్వొచ్చేది.

ఆ చివరి వారం గురించి నేను ఎన్నేళ్లు ఆలోచించానో చెప్పలేను. చాలాకాలం ఆ కథ రాసినవాళ్ల మీద కోపంగా ఉండేది. నౌక కదలలేదనే మలుపు గొప్పది, దాన్ని తొమ్మిదో వారంలోనే నిజాయితీగా చెప్పకనే చెప్పారు, అది ఇప్పటికీ ఒప్పుకొంటాను. కాని మనుషుల్ని మూడేళ్లు మోసం చేసి మూసిపెట్టిన వాళ్లను ఒక్క మాట కూడా అడగకుండా, అడగవలసిన మనిషిని తలుపు మూసుకొనేటట్టు చేయడం నాకు మింగుడు పడలేదు. ఆ తర్వాత వయసు మీదపడే కొద్దీ, ఆమెకు బయట ఎవరున్నారని వస్తుంది, వచ్చి ఏం చేస్తుంది అని కూడా అనిపించేది. వంటింట్లోకి నడిచిపోయిన నాడు నేను ఎందుకు పోయానో నాకే తెలియనప్పుడు, ఆమె ఎందుకు లోపలే ఉండిపోయిందో రాసినవాళ్లకు మాత్రం తెలుసా? నా ఫిర్యాదు ఇప్పుడు ఒక్కటే. ఆ చివరన ఆమెకు ఒక్క మాట ఇచ్చి ఉండవలసింది. మంచిదో చెడ్డదో, పోతాను అనో ఉంటాను అనో. మాట ఉంటే నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. మాట లేని చోట నేను నా మాట పెట్టాను, మామగారు ఆయన మాట పెట్టారు, ఇంట్లో ఆయన మాటే చెల్లింది.

మామగారు, అత్త, మా ఆయన, ముగ్గురూ ఇప్పుడు లేరు. డ్రైవరు ఎక్కడున్నాడో తెలియదు. ఆ ఇంటి పెరటి గోడకు 1999లో వాకిలి పెట్టారు, మా కోసం కాదు, స్కూటరు లోపల పెట్టుకోవడానికి. దాని గుండా ఇప్పుడు మా తోడికోడలి మనవరాలు రోజూ పొద్దున బ్యాగు తగిలించుకొని బ్యాంకు ఉద్యోగానికి పోతుంది. ఆ గోడకు వాకిలి లేని రోజులుండేవని చెబితే ఆ పిల్ల నమ్మదు, మరెట్లా పోయేవాళ్లు అని అడుగుతుంది. పోయేవాళ్లం కాదు అంటే, అదేదో తమాషా మాటలా నవ్వుతుంది. నవ్వనిస్తాను. ఇప్పుడు ఏ భాష కథయినా ఎవరికి వాళ్లు తెలుగులో చూసుకొంటున్నారు, ఒకరు చెబితే నలభై మంది చెవులప్పగించి వినే అవసరం లేదు. అది మంచిదే. అయినా ఆదివారం పదిన్నరయితే, గొంతు సవరించుకోవాలనిపిస్తుంది నాకు.

పోయినవి ఇవి. వీధి చివర రోజుకు రెండు గంటల పని. దాని వెనక వచ్చి ఉండగల పండితురాలి ఉద్యోగం. ఐదేళ్లు కూర్చొని చదివిన హిందీ, ఇప్పుడు పేపరు చేతికిస్తే సగం కూడా తెలియదు. మా ఆయనతో ఆదివారం మధ్యాహ్నం మాట్లాడుకొన్న మాటలు, చెప్పడానికి కథ లేక అవీ ఆగిపోయాయి. ఉదయగిరికి, మా నాయన పేర, రాద్దామని ఆగిన ఉత్తరం. మొత్తం ఐదు.